ఉట్టి ఎక్కడ కట్టారు?

అనగనగా ఒక రేవు. రేవు ఉన్నచోట పడవలుంటాయి. పడవలున్నచోట ఊరుంటుంది. ఊరున్నచోట మనుషులుంటారు. మనుషులున్నచోట ఏముంటుంది? అనుమానం ఉంటుంది. ఈ కథ దాని గురించే.

ఆ ఊరి శివార్లో నూకాలు అనే ఆవిడ బాతుల మంద మేపుకునేది. కోతలైన పొలాల్లో రాలిన గింజలు ఏరుకు తింటూ బాతులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగిపోతాయి. వాటి వెనక కర్ర పట్టుకుని నూకాలూ సాగిపోతుంది.

ఒక తుపాను రోజున, కాలవలో కొట్టుకొస్తున్న తాటిదుంగ మీద ఆమెకు ఒక పిల్లి కనిపించింది. బూడిదరంగు చారలు, చిరిగిన చెవి, అరిచే ఓపిక కూడా లేదు. నూకాలు మొలలోతు నీళ్ళలోకి దిగి దాన్ని పైటలో చుట్టి గట్టెక్కించింది. గంజి పోసి, చేపముక్కలు పెట్టి బతికించింది.

బతికిన పిల్లి ఊరుకుంటుందా? బాతుపిల్లల వైపు చూడడం మొదలుపెట్టింది. అది ముద్దుచేసే చూపు కాదని నూకాలు కనిపెట్టింది.

"నిన్ను ఉంచుకుంటే అవి నాకు దక్కవు. వదిలేసి పోతే రేవులో కుక్కలు నిన్ను బతకనివ్వవు. మంద కదిలేలోగా నీకో ఇల్లు చూడాలే తల్లీ," అంది పిల్లితో.

ఈ మాట ఊళ్ళో పాకింది.

మొదట ధాన్యం వ్యాపారి కోటిలింగం వచ్చాడు. "ఇలా ఇచ్చెయ్యి నూకాలమ్మా! కన్నకూతురిలా చూసుకుంటాను," అన్నాడు.

నూకాలుకు ఆ మాటలోని తీపి గొంతుకు అడ్డం పడింది. ఎందుకంటారా? అంతవరకూ ఆయన ఆమెను "ఏయ్, బాతులూ!" అని తప్ప పిలిచి ఎరగడు.

"అలాగే షావుకారుగారూ. ముందు మీ ఇల్లు చూస్తాను."

"ఓహో! పిల్లికి పెళ్ళిచూపులా?" అని ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు.

నూకాలు వాళ్ళ ఇంటికి వెళ్ళింది. నాలుగు పక్కలా చూసి, ఒకే ఒక ప్రశ్న అడిగింది. "బాబూ, ఉట్టి ఎక్కడ కట్టారు?"

ఉట్టి అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. తాళ్ళతో అల్లి దూలానికి వేలాడదీస్తారు. అందులో పాలకుండ, పెరుగుకుండ పెడతారు. అంత ఎత్తున ఎందుకు? పిల్లికి అందకుండా. అంటే, ఇంట్లో పిల్లి తిరుగుతుందనుకున్నవాళ్ళే ఉట్టి సంగతి ఆలోచిస్తారన్నమాట. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

"ఉట్టా? వంటింటి సంగతులు దానికెందుకు? దాని చోటు అదిగో," అని కోటిలింగం ధాన్యం కొట్టు చూపించాడు. కిటికీ లేని కొట్టు. తలుపుకు కొత్త తాళం.

"మరి తిండి?"

"భలేదానివే! తిండి పెడితే ఇంక ఎలుకల్నేం పడుతుంది?"

కన్నకూతురికి తాళమా! నూకాలు పిల్లిని చంకనెత్తుకుని తిరిగొచ్చేసింది.

తరవాత పడవ యజమాని పేర్రాజు వచ్చాడు. ఈయన మాటలు ఇంకా తీపి. "నా బంగారుతల్లీ, నా వరాలమూటా!" అని పిల్లిని ఒకటే ముద్దాడాడు. నూకాలు వాళ్ళ ఇంటికీ వెళ్ళింది.

"బాబూ, ఉట్టి ఎక్కడ కట్టారు?"

"దానికి అందకుండా దాచుకునేంత పిసినారినా నేను? పాలగిన్నె దాని ముందే పెడతాను. పడక చూశావా, వీధరుగు మీద!"

అరుగు మీద మూతబుట్ట ఉంది. బుట్ట మూతకు తాడు కట్టి ఉంది. తాడు రెండో కొస కిటికీలోంచి ఇంట్లోకి పోయింది.

"బుట్టకు తాడెందుకు బాబూ?"

"గాలి కోసం," అన్నాడు పేర్రాజు.

గాలికి తాడెందుకో నూకాలుకు బోధపడలేదు. సరిగ్గా అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. కామేశం తెడ్డు భుజాన వేసుకుని రేవుకు బయల్దేరాడు. ఆయనదీ పడవే. ఆయన్ని చూడగానే పేర్రాజు చెయ్యి దానంతటదే తాడు మీదికి పోయింది.

అర్థమైందా? పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరాలని ఆ ఊరివాళ్ళ నమ్మకం. రోజూ కామేశం అలా కూర్చుంటే, ఈలోగా రేవులో జనమంతా ఎవరి పడవ ఎక్కుతారు?

"పాపం, దీనికి అరుగులు పడవు బాబూ," అని నూకాలు పిల్లితో సహా వచ్చేసింది.

ఇక మంద కదిలే వేళ దగ్గరపడింది. పొద్దున్నే బాతులన్నీ గట్టు మీద చేరి గోల చేస్తున్నాయి. అప్పుడు గంప నెత్తిన పెట్టుకుని పెరుగమ్మే అచ్చియ్యమ్మ వచ్చింది. ఆవిడ మంచి మాట ఆడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

"ఇదేనా? మొహం చూస్తేనే దొంగని తెలుస్తోంది," అంది.

నూకాలుకు ఒళ్ళు మండింది. "దాని మొహానికేమొచ్చింది అత్తా?"

"ఎంత ఎత్తు ఎగురుతుంది?"

"ఎందుకు?"

"అడిగిందానికి చెప్పవే."

"నా పాక చూరు అందుకుంటుంది."

"పాల జోలికి పోతుందా?"

ఇక్కడ మనం కాస్త ఆగుదాం. "పోదు" అనే ఒక్క అబద్ధం ఆడితే పిల్లికి ఇల్లు దొరకొచ్చు. నిజం చెబితే పెరుగమ్మే మనిషి పిల్లిని గడప తొక్కనిస్తుందా? ఇంకో ఇల్లు వెతికే వ్యవధి లేదు. మీరైతే ఏం చెబుతారు?

నూకాలు పిల్లి వంక చూసింది. బాతుల వంక చూసింది.

"పోతుంది అత్తా. పాలకీ పోతుంది, పెరుగుకీ పోతుంది. ఇందాకే నా సద్దికూట్లో చేపముక్క ఎత్తుకుపోయింది."

"ఊఁ," అని అచ్చియ్యమ్మ గంప సర్దుకుని వెళ్ళిపోయింది.

నూకాలు ఉసూరుమంది. అంతలోనే అనుమానం పుట్టింది. ఎంత ఎత్తు ఎగురుతుందో ఈవిడకెందుకు? ఏదైనా ఉచ్చు పన్నుతుందా? పిల్లిని పైటలో కప్పుకుని, అడుగు చప్పుడు కాకుండా వెనకే వెళ్ళి గుమ్మంలోంచి తొంగిచూసింది.

అచ్చియ్యమ్మ ముక్కాలిపీట ఎక్కి ఉట్టి విప్పుతోంది. రుబ్బురోలు మీద నుంచి ఎగిరితే అందుతుందని, రోలుకు దూరంగా ఇంకో దూలానికి, ఇంకా ఎత్తున కడుతోంది. కింద పగిలిన చట్టిలో కాసిన్ని పాలున్నాయి. తలుపు అడుగున ముందే చెక్క కోసి, పిల్లి దూరేంత కంత చేసి ఉంది.

ఉట్టి ఎక్కడ కట్టారని నూకాలు ఈసారి అడగలేదు.

"తొంగిచూసింది చాలు, లోపలికి రా," అంది అచ్చియ్యమ్మ వెనక్కి తిరక్కుండానే. "పాలు ముట్టదని చెప్పుంటే నీ పిల్లీ వద్దు, నువ్వూ వద్దు అనేదాన్ని. నిజం చెప్పావు కాబట్టి ఎంత ఎత్తున కట్టాలో తెలిసింది."

"పెరుగమ్మేదానివి, నీకు పిల్లెందుకు అత్తా?"

"ఉట్టి తాళ్ళు ఎలుకలు కొరికేస్తున్నాయి. పైగా..." అచ్చియ్యమ్మ తాడు ముడి మళ్ళీ బిగించింది. "ఇంట్లో తిట్టుకోడానికైనా ఒక ప్రాణి ఉండొద్దుటే?"

నూకాలు పైట తీసింది. పిల్లి నేల మీదికి దూకి, ఇల్లంతా ఒకసారి అనుమానంగా వాసన చూసి, చట్టి దగ్గర కూర్చుంది.

"మళ్ళీ కోతలకు వస్తాను. దీన్ని ఎలా చూస్తున్నావో చూసి పోతాను," అంది నూకాలు.

"రా. వచ్చి నీ కళ్ళతోనే చూసుకో. ఊరికే నన్ను నమ్మమన్నదెవరు!"

మళ్ళీ కోతలకు నూకాలు బాతులతో వచ్చింది. వచ్చీరాగానే అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళింది. ఉట్టి ఇంకా పైకి పోయింది. ఇప్పుడది పీట ఎక్కితే తప్ప అచ్చియ్యమ్మకే అందడం లేదు. ఆ పీట మీద బలిసిన పిల్లి పడుకుని ఉంది. అది లేచేదాకా పెరుగు దించేదెలాగని దాన్ని తిడుతూ అచ్చియ్యమ్మ పక్కనే నిలబడి ఉంది. లేపడం మాత్రం లేదు.

కాబట్టి పిల్లలూ, తీపి మాటలు ఎవరైనా చెబుతారు. మనలోని మంచీ చెడ్డా విన్నాక కూడా తమ ఇంట్లో మనకోసం చోటు సర్దేవాళ్ళనే నమ్మాలి.