తలుపు వెనక వేలిముద్ర

దస్తగీర్ ఉస్తాద్ నోట "నీ వేలు నువ్వే వెయ్యి" అనిపించుకోవాలి. తల నెరిసినా రాజలింగానికి తీరని కోరిక అదొక్కటే.

గానుగ సున్నంతో గోడలు మెత్తే ఆ గురుశిష్యుల్లో ఒక ఆచారం ఉంది. పూత పూర్తయ్యాక తలుపు వెనక, ఎవరి కంటా పడని చోట, పచ్చి సున్నంలో గురువు తన బొటనవేలు ఒత్తుతాడు. ఈ పనికి పూచీ నాది అని దానర్థం. వేలు నువ్వే వేసుకో అని శిష్యుడితో అన్నాడంటే, ఆ రోజునుంచి వాడూ ఉస్తాదే.

ఆ మాట కోసమే రాజలింగం పాతబస్తీలో నవాబుల నాటి దేవిడీ పని ఒప్పుకున్నాడు. చెక్కు చెదరకుండా కాపాడాలని సర్కారు బోర్డు పెట్టిన పాత భవంతి అది. ఒక కంపెనీ దాన్ని బాగుచేయించి హెడ్డాఫీసు పెట్టుకుంటానంది. ఒకప్పుడు ఆ గోడలకు పూత పెట్టింది ఉస్తాద్ 'అబ్బా' అని పిలుచుకునే తండ్రే.

పని సగంలో ఉండగానే కంపెనీవాళ్లు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు. సున్నానికి ముహూర్తాలు తెలుస్తాయా? అది తన ఇష్టమొచ్చినప్పుడు, నిదానంగా గట్టిపడుతుంది. ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. రాజలింగం భయపడ్డాడు. ఇంత పెద్ద పని మళ్లీ దొరకదు, ఉస్తాదూ ఎన్నాళ్లో ఉండడు. పాత పూతంతా కొట్టించి, త్వరగా గట్టిపడే సిమెంటు మెత్తించాడు. పైన సున్నం పల్చగా పూయించాడు. పైన పటారం, లోన లొటారం. చూసినవాళ్లంతా ఆహా అన్నారు.

ప్రారంభోత్సవం పొద్దున ఉస్తాద్‌ను తనే ఆటోలో తీసుకొచ్చాడు. తలుపు వెనక అరచేయంత మేర పచ్చిపూత సిద్ధంగా ఉంది.

ముసలాయన పూలమాలల కేసి చూడలేదు. నేరుగా తలుపు వెనక్కి వెళ్లి గోడంతా తడిమాడు.

"మా అబ్బా వేలు ఈడనే ఉండె. ఏది?"

"ఆ పూత ఊడిపోయింది ఉస్తాద్."

"ఊడిందా? ఊడగొట్టినవా?"



ఉస్తాద్ జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి గోడ మూల గీశాడు. తెల్లపొర లేచింది. దాని కింద సిమెంటు బూడిదరంగు బయటపడింది.

"టైం ఇయ్యలేదు ఉస్తాద్. అందరూ మంచిగుందంటున్నరు. మీరొక్క వేలు వేస్తే చాలు."

తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఉస్తాద్ రాజలింగం చెయ్యి అందుకుని, పని నేర్పిన రోజుల్లో తుడిచినట్టే తన రుమాలుతో బొటనవేలు శుభ్రంగా తుడిచాడు. ఆ వేలిని పచ్చిపూత దగ్గరికి తీసుకెళ్లాడు.

"వెయ్యి బేటా. నీ వేలు నువ్వే వెయ్యి."

జీవితమంతా ఎదురుచూసిన మాట. అది చెవిన పడగానే రాజలింగం చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ముసలి పట్టు వదల్లేదు. వేలు పూతలో దిగింది.

బయట బాజాలు మోగాయి. రిబ్బను కత్తిరించినట్టున్నారు, చప్పట్లు వినిపించాయి. "ఇంత అద్భుతంగా పని చేసిన ఉస్తాద్ రాజలింగం గారు వేదిక మీదికి రావాలి" అని కంపెనీ మేనేజరమ్మ మైకులో పిలిచింది.

రాజలింగం కదల్లేదు. ఒక్కసారిగా అరచెయ్యి ఎత్తి ఆ ముద్రను చెరిపెయ్యబోయాడు. ఉస్తాద్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. లేకుంటే రేపు ఈ గోడ పెచ్చులూడితే, పాత పనే అనుకొని మా అబ్బాను తిడతరు."