ఆవిరమ్మ ఎంగిలి పానకం

చల్లగరువు ఆవిరమ్మ తల్లి గుడి కొండ మీద, ఘాటీ రోడ్డు చివరి మలుపు దాటిన తరువాత ఎడమ చేతి వైపు ఉంటుంది. బస్సు దిగిన వారికి గుడి వెంటనే కనిపించదు. మార్గశిరం మొదలుకొని మాఘం వెళ్లేవరకు పొద్దుటి పూట ఇక్కడి మంచు అటువంటిది. ముందుగా శొంఠి వాసన తగులుతుంది. తరువాత మంట కనిపిస్తుంది, మంట చుట్టూ కూర్చున్న మనుషులు కనిపిస్తారు, చివరికి గుడి. కొత్తగా వచ్చినవారు దారి అడిగితే, ముక్కు ఎటు లాగితే అటు నడవండని ఇక్కడివారు నవ్వుతూ చెబుతారు.

గర్భగుడిలో విగ్రహం లేదు. కూర్చున్న ఆడమనిషి ఎత్తున ఒక నల్లని రాయి ఉంది. దానికి కళ్లూ ముక్కూ ఎవరూ చెక్కలేదు. పైభాగం కాస్త ముందుకు వంగి ఉండడం వల్ల, ముసుగు కప్పుకొని పొయ్యి ముందు కూర్చున్న పెద్దావిడలా కనిపిస్తుంది. చలికాలంలో ఆ తల్లికి పట్టుచీర కాదు, గొంగళి కప్పుతారు. ఈ తల్లికి ఆవిరమ్మ అనే పేరు ఎలా వచ్చిందో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నందున, ఆ కథ ఇక్కడ రాసి ఉంచడమైనది.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు. సముద్రం వైపు నుంచి ఉప్పు వర్తకులు ఎద్దుల వీపున ఉప్పు బస్తాలు వేసుకొని ఈ కనుమ ఎక్కేవారు. కొండ మీద ఉప్పు ఇచ్చి, దానికి మారుగా శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, పసుపు తీసుకొని దిగేవారు. ఈ తల్లిని ఆ రోజుల్లో వట్టి కొండమ్మ అనేవారు.

కొండమ్మకు చలికాలమంతా సోమవారం సోమవారం ఘాటుపానకం నైవేద్యం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, తులసి ఆకు వేసి నీళ్లు మరిగించి, బెల్లం కరిగించి దించేది ఈ పానకం. దాన్ని కాచే హక్కు ఊరిలో ఒక్క ఆడమనిషికే ఉండేది. రుచి చూస్తే ఎంగిలి అవుతుందని కాచే మనిషి కూడా చుక్క నాలుక మీద వేసుకునేది కాదు. సలసల కాగేది తల్లి ముందు పెడితే ఆమెకు కోపం వస్తుందని, పూజంతా అయ్యి కుండ చల్లారేవరకు ఆగేవారు. ఆ తరువాతే ఊరివారికి పంచేవారు. అంటే వణికే చలిలో తల్లికీ చల్లని పానకమే, బిడ్డలకూ చల్లని పానకమే. పెద్దలు పెట్టిన పద్ధతి కనుక ఎవరూ మారు మాట్లాడలేదు.

ఆ రోజుల్లో కుండ హక్కు ముత్యాలి అనే ఆమెది. కొత్తకోడలిగా వచ్చిన ఏట అత్తగారి చేతి నుంచి అందుకున్న కుండను తల నెరిసేవరకు ఆమే కాచింది. అయితే వయసు మళ్లాక ఆమెకు మరపు మొదలైంది. ఒక వారం పానకంలో బెల్లం ఉండేది కాదు. ఇంకో వారం మిరియాలు రెండుసార్లు పడేవి. అలా పడిన ఒక రోజున ఊరి పెద్ద గాసన్న ప్రసాదం గుక్కెడు తాగి, తలపాగా విప్పి ముక్కూ కళ్లూ తుడుచుకుంటూ కూర్చున్నాడు. తల్లి మహిమకు కన్నీళ్లు పెట్టుకున్నాడని పరాయి ఊరివారు చేతులు జోడించారట.

గాసన్న చెడ్డవాడు కాదు. ముత్యాలికి అక్క కొడుకే. అయినా తల్లి నైవేద్యం నవ్వులపాలు కావడం అతనికి నచ్చలేదు. పుష్యమాసపు పండుగ నాడు కుండలో మళ్లీ తప్పు జరిగితే, కాచే హక్కు ముత్యాలి తోడికోడలు సోములమ్మకు ఇచ్చేస్తామని ఊరందరి ముందు చెప్పాడు.

సోములమ్మ నోరు పెద్దది. ముత్యాలి దిగులుగా ఇంటికి వస్తే, ఆమె రాగిపిండి కలుపుతూ, “నిన్న నన్నే పట్టుకొని ఎవరమ్మాయివే అని అడిగావు. నన్నే మరచిన దానివి, పిప్పళ్లేం గుర్తుంటాయి నీకు?” అని దెప్పింది.

ముత్యాలి నవ్వలేదు. “నిన్ను మరచిపోతే నువ్వే అరిచి గుర్తు చేస్తావు. ఆ కుండ పోతే నేనెవరినో నాకు గుర్తు చేసేదేముందే?” అంది.

సోములమ్మ పిండి చేతులతోనే లేచింది. తనకు కుండ వద్దని వెళ్లి గాసన్నతో చెప్పింది కానీ అతను వినిపించుకోలేదు.

పండుగ రోజు తెల్లవారగానే ముత్యాలి గుడి ముందు పొయ్యి రాజేసి కుండ పెట్టింది. ఊరివారు ఇంకా రాలేదు. నీళ్లు తెర్లుతుండగా ఆమె మూత చేత్తో పట్టుకొని అలాగే నిలబడిపోయింది. శొంఠి వేశానా, వేయలేదా? వేసినట్టే ఉంది. అది ఈ రోజు వేసినదో, ముందటి వారం వేసినదో తెలియడం లేదు. వేయకపోతే తప్పు, రెండుసార్లు వేసినా తప్పు. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది కానీ అది అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఆ సమయానికి మంచులోంచి ఎద్దుల మెడగంటలు వినిపించాయి. అప్పలసూరి అనే ఉప్పు వర్తకుడూ అతని తోటివారూ కనుమ ఎక్కి వచ్చారు. బట్టలు తడిసి ఒంటికి అంటుకొని ఉన్నాయి. పళ్లు టకటకలాడి ఒక్కరి నోటా మాట తిన్నగా రావడం లేదు. వారు కుండ వైపు చూశారే తప్ప అడగలేదు. అది ఎవరి కుండో ఆ దారిన వచ్చేవారందరికీ తెలుసు.

ముత్యాలి గుడి వైపు ఒకసారి చూసింది. తరువాత గరిటె ముంచి అప్పలసూరి ముందుకు చాచింది. “నాయనా, ఇది తాగి చెప్పు. ఇందులో శొంఠి ఉందా?”

అతను వెనక్కి తగ్గాడు. పాపం తగులుతుందని అన్నాడు. తగిలితే తనకే తగులుతుందనీ, చలికి చచ్చేవాడు పాపం సంగతి తరువాత చూసుకోవచ్చనీ ముత్యాలి అంది. అతను తాగాడు. శొంఠి లేదన్నాడు. కిందటిసారి కొండ మీద ఉప్పుకు మారుగా పుచ్చుకున్న శొంఠి కొమ్ము ఒకటి అతని కొంగున మూటలో ఉంది. దాన్ని రాయితో చితక్కొట్టి కుండలో వేశాడు. రెండోవాడు తాగి మిరియం చాలలేదన్నాడు, తన దగ్గర ఉన్నది వేశాడు. ఇంకొకడు పిప్పలి వేశాడు. ఒకడు పరుగున వెళ్లి తులసి తెంపుకొచ్చాడు. చివరివాడి దగ్గర ఏమీ లేదు. అందరూ వేస్తున్నారు కదా అని, వాడు అలవాటు కొద్దీ బస్తాలోంచి చిటికెడు ఉప్పు తీసి బెల్లం పానకంలో వేశాడు. తోటివారు వాడి నెత్తి మీద ఒకటి మొట్టారు. తరువాత రుచి చూసి, మొట్టినందుకు వాడి నెత్తి నిమిరారు.

ఊరివారు మేళంతో వచ్చేసరికి తల్లి కుండ చుట్టూ ఉప్పు వర్తకులు కూర్చొని, ఆవిరిలో ముఖాలు పెట్టుకొని, కబుర్లు చెప్పుకుంటూ తాగుతున్నారు. వారి మధ్యన ముత్యాలి గరిటెతో పోస్తూ ఉంది.

గాసన్న మేళం ఆపించాడు. ఇక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదనీ, ఎంగిలి కుండ పారబోసి కొత్త కుండ పెట్టమనీ సోములమ్మకు చెప్పాడు. ముత్యాలి గరిటె కింద పెట్టి, చేతులు కొంగులో దాచుకొని పక్కకు కూర్చుంది.

సోములమ్మ పొయ్యి దగ్గరకు వెళ్లి, కుండ కాలిపోతోందనీ, చల్లారితే కానీ ఎత్తలేననీ అంది. సరే చల్లారనిమ్మని గాసన్న అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. అతను అటు తిరిగినప్పుడల్లా సోములమ్మ కుండ కిందికి ఒక పుల్ల తోస్తూనే ఉంది. మంట వెచ్చగా ఉంది. కోపంతో అలసిపోయిన గాసన్నకు పట్టపగలే కునుకు పట్టింది.

ఆ కునుకులో గొంగళి కప్పుకున్న ఒక ముసలావిడ అతని పక్కన వచ్చి కూర్చుంది. చేతులు మంటకు చాచి రుద్దుకుంటూ అంది: “ఇన్నేళ్లుగా చల్లారిన నీళ్లు నా ముందు పెడుతున్నారు. అందులో ఏముందో, ఏం లేదో పోసేవారికీ తెలియదు. మీ పద్ధతి కదా అని ఊరుకున్నాను. ఇవాళ గుడి లోపలికి వాసన వచ్చి నా నోరూరింది. అది పారబోయిస్తావా గాసీ? ముత్యాలి మరచిపోయిందే అనుకో, నలుగురూ తలో చిటికె వేస్తే సరిపోదా? పోయి నా కుండ నాకు తే. వేడిగా తే.”

గాసన్న దిగ్గున లేచి, తలపాగా విప్పి చేతులకు చుట్టుకొని, ఆ కుండను తానే ఎత్తి లోపల రాయి ముందు పెట్టాడు. కుండలోంచి ఆవిరి అటూ ఇటూ పోకుండా తిన్నగా రాయిని చుట్టుకుంది. ఎప్పుడూ చల్లగానే ఉండే ఆ రాయికి చిరుచెమట పట్టింది. ముసుగు కింద ఎవరో ఇష్టంగా తాగుతున్నట్టు అక్కడున్నవారందరికీ తోచింది. ఆ రోజు నుంచి కొండమ్మ ఆవిరమ్మ అయింది.

గాసన్న బయటికి వచ్చి ముత్యాలి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. “పిన్నీ, తప్పు నాదే. నీ కుండ నువ్వే ఉంచుకో” అన్నాడు.

ముత్యాలి అతని ముఖంలోకి అయోమయంగా చూసింది. “ఏ కుండ నాయనా?” అని అడిగింది.

గాసన్న ముఖం పాలిపోయింది. అది చూసి ముత్యాలికి నవ్వు ఆగలేదు. సోములమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచి తానూ నవ్వింది. ఆ పైన ఆ పండుగంతా నవ్వులతోనే గడిచిందని, చల్లని పానకం తాగడం చల్లగరువులో అంతటితో ముగిసిందని పెద్దలు చెబుతారు.

నేటికీ చలికాలం సోమవారాల్లో పానకం ఇలాగే కాస్తారు. ఊరిలో అందరికన్నా పెద్దావిడ ఎవరో ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటుంది. ఆమెకు ఏదీ గుర్తుండాలనే నియమం లేదు. వచ్చిన ప్రతి భక్తుడూ తాను తెచ్చిన చిటికెను, దాని పేరు పైకి చెప్పి కుండలో వేస్తాడు. ముందున్నవారు రుచి చూసి ఏది తక్కువైందో వెనకవారికి చెబుతారు. ఉప్పు మాత్రం సముద్రం వైపు నుంచి వచ్చినవారు చివరగా వేయాలి. వేడి తగ్గకముందే కుండను తల్లి ముందు పెట్టి, ఆవిరి ఆమెకు అర్పించి, పానకం అందరూ తాగుతారు. ఈ పానకం తాగినవారికి ఆ ఏడు దగ్గూ రొంపా దరిచేరవని, మరపుతో దిగులుపడే పెద్దలకు గుండె నిబ్బరం కలుగుతుందని నమ్మకం.

చిటికె తేవడం మరచిపోయి వచ్చినవారు సిగ్గుపడి వెనక నిలబడవలసిన పని లేదు. అటువంటివారిని పేరు పెట్టి ముందుకు పిలిచి, మంటకు దగ్గరగా కూర్చోబెట్టి, ముత్యాలి పేరున మొదటి గ్లాసు వారికే ఇస్తారు. ఆ తల్లి వెచ్చదనం అందరి ఇళ్లలోనూ నిలుచుగాక. తాగిన గ్లాసు కడిగి బోర్లించడం మాత్రం ఎవరూ మరచిపోరాదు.