రాజుగారు నిప్పడిగిన రోజు

అనగనగా ఒక రాజ్యమర్రా. ఆ రాజుగారికి ఏ పనీ ఇంకొకరి చేతిలో ఉండకూడదు. తీర్పులు నేనే చెబుతానని న్యాయాధికారిని ఇంటికి పంపేశారు. మన పొయ్యి మనకుందిలే అనుకున్నారు జనం. మంత్రి దండగని మంత్రినీ పంపేశారు. మన పొయ్యి మనకుందిలే అనుకున్నారు. ఉప్పు నాదే, నూనెగానుగా నాదే అన్నారు. అప్పుడూ అదే మాట. ఊ కొడుతున్నారా? ఆఖరికి పొయ్యి దగ్గరికే వచ్చారు.

అప్పట్లో అగ్గిపెట్టెలేవీ? పొయ్యి ఆరితే పక్కింటికి పిడక పట్టుకెళ్ళి నిప్పు తెచ్చుకునేవాళ్ళు. ఇకమీదట నిప్పు కోటలోనే ఉంటుంది, మోపు కట్టెలిచ్చి ఒక నిప్పుకణిక పట్టుకెళ్ళాలి, వంటవగానే ఆర్పెయ్యాలి, దాచినా, ఇచ్చినా, పుచ్చుకున్నా దేశం దాటిస్తామని చాటింపు వేయించారు. జనం వణుకుతూ కోట ముందు బారులు తీరి, ప్రభువు మమ్మల్ని ఎంత వెచ్చగా చూసుకుంటున్నారో అని పొగిడేవాళ్ళు. పొగడనివాళ్ళకి చిన్న కణిక.

నాంచారమ్మ అని ఒక కోడలుండేది. ఆవిడ ఆడపడుచు పురిటికొచ్చింది. పసిగుడ్డుకి కాపడం పెట్టాలి. ప్రతిసారీ కోటకి పరిగెత్తలేక కుండలో కణికలు పెట్టి, పైన బూడిద కప్పి దాచింది.

"ఒసేవ్, మనల్ని దేశం దాటిస్తారే!" అని అత్తగారు గుండెలు బాదుకుంది.

"బిడ్డ చల్లబడితే ఏ దేశంలో ఉంటే ఏం అత్తయ్యా?"

ఇంతలో ముసురు పట్టింది. కోటలో నిప్పు నీరసించింది. కట్టె వెయ్యాలంటే రాజాజ్ఞ కావాలి, రాజుగారేమో వేటకెళ్ళారు. కాపలావాడు ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఎంత విధేయుడో! నిప్పు ఆరిపోయింది.

తిరిగొచ్చిన రాజుగారు రెండు రోజులపాటు నానేసిన అటుకులతోనే గడిపారు. మూడోరోజు నాంచారమ్మ ఇంటి మీద పొగ కనిపించింది. నిప్పు పుచ్చుకుంటే దేశం దాటిస్తారని భటుడొక్కడూ కదలలేదు. పిడక పట్టుకుని ఆయనే వచ్చారు.

"కాస్త నిప్పు పెట్టు తల్లీ."

"పెడితే నాకు దేశం లేదు, పుచ్చుకుంటే తమకీ లేదు మహారాజా. తీర్పు చెప్పేదెవరు?"

"నేనే."

"దేశం దాటించేదెవరు?"

"నేనే."

"మరి పదండి, ఇద్దరం బయల్దేరదాం. చంటిదాన్ని ఎత్తుకోండి."

రాజుగారి కడుపు గుర్రుమంది. చాటింపు రద్దని గుమ్మంలో నిలబడి ఆయనే అరిచారు. నాంచారమ్మ పిడక మీద కణిక పెట్టి, నిప్పు పుచ్చుకున్నవాళ్ళు అడిగినవాళ్ళకి లేదనకూడదని మరీ మరీ చెప్పింది.

పొద్దువాలేసరికి ఇంటింటా పొగ. పసిగుడ్డు వెచ్చగా నిద్రపోయింది. రాజుగారు కబురుపెడితే న్యాయాధికారీ, మంత్రీ తిరిగొచ్చారు. రాజుగారు మాత్రం, జనానికి పొయ్యిలిచ్చిన ప్రభువని బిరుదొకటి తగిలించుకున్నారు. పోనిద్దురూ, బిరుదుతో అన్నం ఉడకదుగా.

ఎవరి కుర్చీయో పోయినప్పుడే నోరు తెరవాలర్రా, పొయ్యి దాకా రానివ్వకూడదు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఉండండి, కుంపటి మీద బూడిద కప్పి వస్తాను.