ఒట్టి చేతులతో ఎక్కే పూలగట్టు

పూలగట్టుకు వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడి అమ్మవారికి పూలు తేవద్దు. కొండ కింద కొబ్బరికాయల కొట్లు నాలుగున్నాయి గాని పూలకొట్టు ఒక్కటీ లేదు, ఉండబోదు. ఫాల్గుణం నుంచి చైత్రం దాకా మూడు మైళ్ల గట్టుదారి పొడవునా మోదుగ, కొండగోగు, ఊడుగ, పాలకొడిసె, అడవిమల్లె విరగబూసి ఉంటాయి. అటూ ఇటూ లోయలు, నడుమ ఇద్దరు పక్కపక్కన నడిచేంత బాట. ఇంత చక్కని దారి మరో దేవతకు ఉందంటే మేము నమ్మము. ఆ పూలలో ఒక్కటీ కోయకుండా గుడి చేరి, చూసిన పూలను అమ్మవారికి చెప్పుకోవడమే ఇక్కడి పూజ.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టు చివర అమ్మవారు నల్లరాయి రూపంలో ఉండేది. ఇరవై గడపల వారు కొండచరియల్లో తేనె తీస్తూ, చింతపండు, సారపప్పు ఏరుకుంటూ బతికేవారు. వారి పెద్ద గురప్ప. భక్తిలోనూ పంతంలోనూ అతనికి సాటి లేరు. ఒక ఏడు వానలు బాగా కురిసి, వసంతంలో కొండ ఎన్నడూ లేనంతగా పూసింది. గురప్ప పొంగిపోయి అమ్మకు లక్షపూల పూజ మొక్కుకున్నాడు. ఆడా మగా బుట్టలతో గట్టెక్కి మూడు రోజులు కోశారు. చింతపూతను, సారచెట్ల పూతను కూడా మిగల్చలేదు. నల్లరాయి పూల కింద కనబడకుండా పోయింది.

ఆ ఏడు కొండ మీద ఏ చెట్టూ కాయలేదు. తేనెటీగలు చరియలు వదిలి ఎటో వెళ్లిపోయాయి. కుండలు అడుగంటాయి. దిగువ ఊళ్లకు కూలికి పోదామని జనం మూటలు కట్టారు. ఒకసారి దిగితే మళ్లీ ఎక్కేది లేదని, కొండ తమది కాకుండా పోతుందని అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో మంత్రసాని సిద్దమ్మ మిట్టమధ్యాహ్నం రాయి పక్కన కునుకు తీస్తుండగా అమ్మ కలలో కనిపించింది. “నా కడుపుపంట కోసి నా మెడలోనే వేశారు. రాయినై కూర్చున్నదాన్ని, గట్టంతా తిరిగి చూడలేను. వచ్చే వసంతానికి ఒట్టి చేతులతో రండి. నా కొండ ఎట్లా పూసిందో చూసి వచ్చి చెప్పండి. అది చాలు” అన్నది.

ఆ మాట మీద జనం మూటలు విప్పారు. అడవిగడ్డలు తవ్వుకు తిని ఏడాది గడిపారు. వసంతం వచ్చింది. ఒక్కొక్కరే గట్టు నడిచి వచ్చి తాము చూసినవి చెప్పారు. గురప్ప వంతు వచ్చింది.

“ఏం చూసినావు గురప్పా?” అని సిద్దమ్మ అడిగింది.

“పూలు చూసినానత్తా.”

“ఏం పూలు?”

లక్ష పూలు కోయించినవాడు ఏ ఒక్కదాన్నీ నిలబడి చూసింది లేదు. “అమ్మ కాడికి రావాలన్న తొందరలో దారి చూసుకోలేదత్తా” అన్నాడు.

“అయితే పోయి చూసి రా నాయనా. అమ్మ యాడికీ పోదులే.”

పెద్దరికం పక్కనపెట్టి, అందరి ఎదుటా అతడు వెనక్కి నడిచాడు. పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చి రాయి ముందు కూర్చున్నాడు. “మొదటి మలుపులో ఊడుగ తెల్లగా పూసిందమ్మా. మోదుగ కింద నేలంతా ఎర్రగుంది. బండసందులో పేరు తెలియని నీలం పువ్వు, గోరంత ఉంది. పోయినేడు దాన్ని గూడా కోసే ఉంటాను” అంటూ ఏడ్చాడు. అతడు చెబుతుండగానే చరియ మీద తేనెటీగల రొద వినిపించింది. ఆ సాయంత్రమే అవి పట్టు పెట్టాయి. ఇరవై గడపల్లో ఒక్క గడపా కొండ దిగలేదు.

నేటికీ గుడి వాకిట పూజారి ప్రతి భక్తుణ్ణీ “ఏం చూశారు?” అని అడుగుతాడు. కళ్లారా చూసి చెప్పినవారి ఇంట పంటకు, సంతానానికి కొదవ ఉండదని మా నమ్మకం. “చాలా చూశాం” అని దాటవేసేవారిని, ఎంతటివారైనా సరే, వెనక్కి పంపుతాం. అందుకు ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. గుడి లేని ఆ రోజుల్లో అమ్మ ఎదుట నుంచి మొట్టమొదట వెనక్కి నడిచిన గురప్ప మా వంశకర్త. ఈ గుడిలో పూజారులమైన మేమంతా ఆయన బిడ్డలమే.