కనుమ కింద ఆగినవాడు

"ఆగమంటే ఆగాలా, మాస్టారూ?" అని అడిగింది నవనీత.

విజయనగరం శివార్లలో సైకిల్ పందేలకు కుర్రకారును తయారుచేసే ఎలీషా మాస్టారి దగ్గర ఆమె నాలుగేళ్ళు నేర్చుకుంది. ఈమధ్యే ఒక పేరున్న టీములో చోటు దొరికింది. చోటయితే దొరికింది గాని, రాబోయే పెద్ద పందెంలో ఆమె తన కోసం తొక్కడానికి లేదట. టీములో నాయకురాలు ఒకతె ఉంది. ఆమె ఎక్కడ వెనకబడితే అక్కడ నవనీత ఆగి, ఆమెను వెంటబెట్టుకుని రావాలి. ఎత్తు ఎక్కడంలో ఆ నాయకురాలి కంటే నవనీతే చురుకైనదని టీములో అందరికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్నలో కొంచెం కోపం కూడా ఉంది.

అవుననో కాదనో తేల్చి చెప్పే అలవాటు మాస్టారికి లేదు. ఆయన, వయసులో ఉన్నప్పుడు తాను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్పారు.

మన్యం కొండల మీదుగా రోజుకొక మజిలీ చొప్పున సాగే పందెం అది. అన్ని మజిలీలకూ పట్టిన కాలం కలిపి చూసి, ఎవరిది తక్కువైతే వారిని విజేత అంటారు. అలాంటి పందెంలో ఎవరికి వారు తొక్కితే ఎవరూ గెలవరు. కాబట్టి ప్రతి టీమూ ఒకణ్ణి నాయకుడిగా ఎంచుకుంటుంది. మిగతావాళ్ళు అతని ముందు వరసకట్టి తొక్కుతూ ఎదురుగాలిని తమ ఒంటి మీద కాస్తారు. వాళ్ళ చాటున అతను బలం దాచుకుంటాడు. అతనికి నీళ్ళు మోసుకొచ్చేది వాళ్ళే, అతని చక్రం పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేదీ వాళ్ళే. వాళ్ళు ఎన్నోవాళ్ళుగా వచ్చారో ఎవరూ అడగరు.

పైడిరాజు అలాంటివాడు. సాలూరు పక్క పల్లెలో పుట్టాడు. ముప్పై దాటాయి. ఇన్నేళ్ళలో ఒక్క మజిలీలోనైనా రెండు చేతులూ పైకెత్తి గెలుపు గీత దాటిన పాపాన పోలేదు. దాని గురించి అతనికి పట్టింపు లేదని తోటివాళ్ళు అనుకునేవారు. అది నిజం కాదు. ఆ ఏడాది కొండల మజిలీ సాలూరులోనే ముగుస్తుందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదు. ఎప్పుడూ పందేలకు రమ్మనని భార్య అప్పలనరసమ్మను, ఆ రోజు గీత దగ్గరకొచ్చి నిలబడమన్నాడు. ఎందుకని ఆమె అడిగితే, ఊరికేనే అన్నాడు.

ఆనాటికి వాళ్ళ టీములో మిగిలింది ఇద్దరే. తక్కినవాళ్ళు జ్వరాలొచ్చి ముందు మజిలీల్లోనే మానేశారు. మిగిలిన రెండోవాడే నాయకుడు ధీరజ్. మొత్తం కాలం లెక్కలో అతను రెండో స్థానంలో ఉన్నాడు. ఆ ఒక్క రోజు కలిసొస్తే పందెం అతనిదే. మేనేజరు పొద్దున్నే పైడిరాజును పక్కకు పిలిచి ఎత్తుగడ వివరించాడు.

"నువ్వు మొదట్లోనే ముందుకు పోయేవాళ్ళతో పో. పెద్ద కనుమ మీద ధీరజ్ అందర్నీ వదిలించుకుని ఒక్కడూ వస్తాడు. కనుమ దిగాక మైదానంలో ఎదురుగాలి. అక్కడ ఒంటరిగా ఉంటే పట్టుకుంటారు. నువ్వు కనుమ కింద ఆగి ఉండు. అక్కణ్ణుంచి నీ చాటున తీసుకురా. వాడు వచ్చేదాకా కదలకు."

"అలాగే సార్," అన్నాడు పైడిరాజు.

ఆ రోజు అతిథులెవరో రావడంతో మేనేజరూ, టీము కారూ సాలూరులోనే ఉండిపోయారు. మాటలన్నీ రేడియోలోనే. కొండల్లో ఆ రేడియో సగం వినబడుతుంది, సగం గరగరలాడుతుంది.

పైడిరాజు ముందుకు పోయాడు. అతనితో పాటు విడిపోయి వచ్చినవాళ్ళు మొదటి ఎత్తులోనే ఒక్కొక్కరే జారిపోయారు. పెద్ద కనుమ పైకి చేరేసరికి పక్కన ఇద్దరే మిగిలారు. వాళ్ళ భుజాలు ఊగుతున్నాయి, నోళ్ళు తెరుచుకున్నాయి. అతనికి మాత్రం ఊపిరి ఇంకా అందుతూనే ఉంది. ఏళ్ళ తరబడి ఇతరుల కాళ్ళు చూసి బలం అంచనా కట్టినవాడు కదా, ఈ రోజు గెలిచేది తానేనని అతనికి తెలిసిపోయింది. ఆ తెలియడం ఎంత హాయిగా ఉందో, అంత భయంగానూ ఉంది. సరిగ్గా అప్పుడే చెవిలో రేడియో పలికింది. "ధీరజ్ బయల్దేరాడు. కిందికి దిగి ఆగు." ఆ తర్వాత గరగర తప్ప మరేమీ లేదు.

కనుమ దిగాక ఒక కల్వర్టు దగ్గర పైడిరాజు తొక్కడం ఆపేశాడు. ముందు పోతున్న ఇద్దరిలో ఒకడు తిరిగి చూశాడు.

"ఏమైందన్నా, పంక్చరా?"

"లేదు. మీరు ఎల్లండి," అన్నాడు పైడిరాజు.

వాళ్ళు మలుపు తిరిగారు. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు ఆ రోజు గెలవబోతున్నారు. పైడిరాజు ఒక కాలు నేలకాన్చి, కొండవైపు తిరిగి నిలబడ్డాడు.

ధీరజ్ రాలేదు. ప్రత్యర్థి టీముల నాయకులు వచ్చారు. అంటే ధీరజ్ వాళ్ళ వెనకబడ్డాడన్నమాట. అలాంటప్పుడు తోడు మరీ అవసరం అనుకున్నాడు పైడిరాజు. ఆ గుంపులోంచి ఒకడు వేగం తగ్గించి, "మీవాడు పడిపోయాడు. ఇక రాడు. మాతో వచ్చెయ్," అన్నాడు.

పైడిరాజు నమ్మలేదు. నాయకుడి నుంచి సాయం చేసేవాణ్ణి విడదీయడానికి ఇలాంటి మాటలు చెప్పడం పందేల్లో మామూలే. తానే ఎన్నోసార్లు చెప్పాడు. అతను అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత పెద్ద గుంపు పోయింది. దాని వెనక, కాళ్ళు పీక్కుపోయినవాళ్ళు చిన్న చిన్న గుంపులుగా ఒకరినొకరు ఆసరా చేసుకుంటూ పోయారు. వాళ్ళలో ఎవరితో కలిసినా సాలూరు చేరేవాడే. చివరికి దారి మీద ఎవరూ లేకుండా పోయారు. చెమట ఆరి ఒళ్ళు వణకసాగింది.

ఏ పందెంలోనైనా అందరికంటే వెనక ఒక బండి వస్తుంది, మానేసినవాళ్ళను ఎక్కించుకోవడానికి. ఆ ఏడు ఆ బండి నడిపింది ఎలీషా మాస్టారే. కల్వర్టు దగ్గర మనిషిని చూసి ఆయన బండి ఆపారు. పైడిరాజు కిటికీలోంచి లోపలికి చూశాడు. వెనక సీటులో ధీరజ్ ఉన్నాడు. భుజానికి కట్టు ఉంది, చేయి ఛాతీకి బిగించి ఉంది.

పైడిరాజు, "ఎక్కడ పడ్డాడు?" అన్నాడు.

"కనుమకి అవతలి వైపు."

"ఎప్పుడు?"

ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పారు. "నువ్వు ఇక్కడ ఆగకముందే."

పైడిరాజు దారి చివర మలుపు వైపు చూశాడు.

"ఎక్కు. చోటుంది," అన్నారు మాస్టారు.

అతను తల అడ్డంగా ఊపి సైకిలెక్కాడు. మొదటివాడు చేరిన తర్వాత ఒక గడువుంటుంది. అది దాటి వచ్చినవాణ్ణి మర్నాడు పందెంలోకి రానివ్వరు. ఆ గడువు తనకు అందదని అతనికి తెలుసు. మైదానంలో గాలి ఎదురు కొట్టింది. దాక్కుందామంటే ముందు ఎవరి వీపూ లేదు, కాపాడడానికి వెనక ఎవరూ లేరు. అలాగే సాలూరు దాకా తొక్కాడు, మాస్టారి బండి నెమ్మదిగా వెనకే వచ్చింది.

అతను చేరేసరికి గీత మీది తోరణాన్ని విప్పుతున్నారు. ఒక అధికారి వచ్చి అతని వీపు మీది నంబరు గుడ్డ తీసేసుకున్నాడు. మేనేజరు చిరాకుగా, "ఆగమన్నాను గాని, ఇంతసేపు ఆగమన్నానా? ఆమాత్రం తెలివుండక్కర్లేదా?" అన్నాడు. ఖాళీ అయిన కుర్చీల పక్కన అప్పలనరసమ్మ ఒక్కతే నిలబడి ఉంది. దగ్గరకొచ్చి సైకిల్ పట్టుకుంది.

"మైకులో మీ పేరు సదివేరు," అంది. "ముందున్నాడని సెప్పేరు. ఊరంతా సప్పట్లు కొట్టేరు. తరవాత సదవడం ఒగ్గేసేరు."

మరుసటి ఏడు ఏ టీమూ అతన్ని తీసుకోలేదు. అతను మళ్ళీ పందెం సైకిల్ ఎక్కగా ఎవరూ చూడలేదు.

మాస్టారు అక్కడితో ఆపారు. నవనీత మొహంలో ఇప్పుడు ఆ కోపం లేదు. దాని చోట ఉన్నది కోపం కంటే మంచిదని చెప్పలేము.

"ఆ ధీరజ్ అయినా అతనితో ఒక మాట అన్నాడా?" అని అడిగింది.

"నొప్పికి సూది వేశారు కదమ్మా, అతనికి నిద్ర పట్టేసింది," అన్నారు మాస్టారు. "బండి ముందరి పెద్ద అద్దంలోంచి చూస్తే పైడిరాజు తొక్కుతున్నాడు. వెనక సీటు కనబడే చిన్న అద్దంలో చూస్తే ధీరజ్ నిద్రపోతున్నాడు. బండి నడిపేవాణ్ణి, సాలూరు దాకా రెండూ చూడక తప్పలేదు."