మూడో స్థానం లెక్కలోకి రాదు

తుంగగిరి అనే ఒకానొక రాజ్యాన్ని ప్రతాపకేతుడు ఏలుతున్న రోజులవి. రాజు మంచివాడే గానీ డాబు ఎక్కువ. తన రాజ్యం ఎందులోనూ ఎవరికీ తీసిపోకూడదనేవాడు.

ఆ ఏడాది పన్నెండు రాజ్యాలవాళ్లు కలిసి గొప్ప క్రీడోత్సవం జరిపారు. గెలిచినవాళ్లకు స్వర్ణ పతకం, రెండో స్థానానికి రజతం, మూడో స్థానానికి కాంస్యం. ఉత్సవం ముగిశాక వార్తాహరుడు వచ్చి నిండు సభలో ఫలితాలు విన్నవించాడు. తుంగగిరికి నాలుగు రజతాలు, తొమ్మిది కాంస్యాలు వచ్చాయి. స్వర్ణం మాత్రం ఒక్కటీ లేదు.

"అయితే మన స్థానం ఎంత?" అన్నాడు రాజు.

"తొమ్మిది, ప్రభూ. స్వర్ణాలను బట్టే వరుస. ఒకే ఒక్క స్వర్ణం గెలిచిన లంకపాలెం మనకంటే పైన ఉంది."

రాజు ముఖం కందగడ్డ అయింది.

"నాలుగు ఇసుకదిబ్బలూ, పది పడవలూ ఉన్న లంకపాలెమా మనకంటే పైన! ఇకమీదట నా రాజ్యంలో మొదటి స్థానమే స్థానం. రెండూ మూడూ లెక్కలోకి రావు. ఆ పతకాలవాళ్లను దొడ్డిదారిన నగరంలోకి రమ్మనండి. సాధన మైదానం దున్నించి గుర్రాలకు ఉలవలు చల్లించండి!"

అది విని విదూషకుడు బుక్కనకు గుండె కలుక్కుమంది. పరుగుపందెంలో కాంస్యం గెలిచిన మల్లక్క, చలికీ వానకీ వెరవక ఆ మైదానంలో పరిగెత్తడం అతను ఎన్నోసార్లు చూశాడు.

"చిత్తం, ప్రభూ. ఈ ఆజ్ఞ ఆటగాళ్లకేనా, అందరికీనా?" అని అడిగాడు.

"అందరికీ! పురుగుకు కూడా మినహాయింపు లేదు. నువ్వే దగ్గరుండి అమలు చేయించు."

సాయంత్రం రాజు తన ముద్దుల మూడో రాణి కనకాంగి మందిరానికి వెళ్లాడు. తలుపు మూసి ఉంది.

"కనకాంగీ, తలుపు తియ్యి!"

"రాకండి ప్రభూ," అని లోపలినుంచి ఏడుపు గొంతు వినిపించింది. "మూడోదాన్ని, లెక్కలోకి రానిదాన్ని. పూలు ఆపేశారు. పల్లకి పట్టుకుపోయారు. ఇకనుంచి దొడ్డిదారినే తిరగాలట. మీ ఆజ్ఞేనట!"

చేసేదిలేక రాజు రెండో రాణి మందిరం వైపు నడిచాడు. ఆయన్ని చూడగానే ఆ తలుపూ ధడాలున మూసుకుంది.

రాజు మండిపడుతూ బుక్కనను పిలిపించాడు. "నా రాణులతోనా నీ వేళాకోళం?"

"అపచారం, ప్రభూ! పురుగుకే లేని మినహాయింపు రాణిగార్లకు ఎక్కణ్ణుంచి తెచ్చేది? అయినా తమకు దిగులెందుకు? మొదటి స్థానం పదిలంగానే ఉంది. పట్టపురాణిగారు కాకరకాయ కషాయం కాచి తమకోసం ఎదురుచూస్తున్నారు."

రాజు కోపం మరిచి, ఆపుకోలేక పకపకా నవ్వాడు.

అప్పుడు బుక్కన గొంతు తగ్గించి అన్నాడు. "ప్రభూ, పోయిన ఉత్సవంలో మనకు ఒక్క పతకమూ లేదు. ఇప్పుడు పదమూడు. మెట్లెక్కుతున్నవాణ్ణి సగంలో కిందికి లాగితే, పైదాకా చేరేదెవరు?"

రాజు అప్పటికప్పుడే ఆజ్ఞ రద్దు చేశాడు.

ఆటగాళ్లు వచ్చిన రోజున సింహద్వారం దగ్గర మేళాలు మోగాయి. రాజే ఎదురెళ్లాడు. బెరుగ్గా వెనక నిలబడ్డ మల్లక్కను పిలిచి అడిగాడు.

"నీకంటే ముందున్న ఆ ఇద్దరూ ఎలాంటివాళ్లమ్మా?"

"వాళ్ల ముఖాలు సరిగా చూడలేదు ప్రభూ, మడమలే చూశాను. వచ్చేసారి నా మడమలు వాళ్లకు చూపిస్తాను."

రాజు నవ్విన నవ్వుకు కిరీటం పక్కకు ఒరిగింది. మెడలోని ముత్యాలహారం తీసి మల్లక్కకు వేశాడు. చేతి కంకణం బుక్కనకు తొడిగాడు. మైదానాన్ని రెట్టింపు చేయమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మల్లక్క సాధనకు వెళ్లేసరికి, ఆమెకంటే ముందే నగరంలోని ఆడపిల్లలు కొంగులు బిగించి మైదానంలో బారులు తీరి ఉన్నారు.