తువ్వాలు మీద వాలిన బంతి

దూరం కొట్టడమంటే కుందనకు ఏనాడూ భయం లేదు. విశాఖలో కొండ వారగా ఉన్న గోల్ఫ్ మైదానంలో, మొదటి దెబ్బకే ఆమె బంతి అందరికంటే ముందుండేది. చిక్కంతా గుంటలో పాతిన జెండా దగ్గరపడ్డాకే. అక్కడ వెడ్జ్ పట్టుకోవాలి. బంతిని ఎత్తుగా లేపి గుంట పక్కన మెత్తగా దించే పొట్టి కర్ర అది. అది చేతిలోకి రాగానే ఆమె మణికట్లు బిగుసుకుపోయేవి. బంతి సగం దారిలోనే చతికిలబడేది, లేదంటే జెండా దాటిపోయి ఇసుకలో పడేది.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఎండాకాలంలో ఒకనాడు ఆమె వెడ్జ్‌తో కొట్టిన బంతి పక్కకు మళ్లిపోయి, గ్రీన్ అనే, జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి అంచున నిలబడి చూస్తున్న రహమతుల్లా మాస్టారి కుడి భుజానికి తగిలింది. ఎముక చిట్లింది. చిన్నప్పుడు ఆమెకు కర్ర పట్టడం నేర్పిన చెయ్యి అది.

ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో మెట్ల మీద జారిపడ్డానని అందరికీ చెప్పుకున్నారట. ఆ సంగతి తెలిశాక కుందనకు మరీ కష్టమైంది. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంది.

రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గరపడుతోంది. కర్ర ఎంత వెనక్కి లేపాలో కొలుచుకుంది. వీడియోలు తీసి చూసుకుంది. వెడ్జ్ మార్చింది. ఏదీ అక్కరకు రాలేదు. మాస్టారు కట్టు విప్పించుకుని మైదానానికి వచ్చిన రోజున, ఆట మానేస్తానని చెప్పేసింది.

ఆయన అంతా విన్నారు. ఒక ప్లాస్టిక్ కుర్చీని ఎడం చేత్తో ఈడ్చుకుంటూ గ్రీన్ దగ్గరికి నడిచారు. తనకు దెబ్బ తగిలిన చోటే వేసుకుని కూర్చున్నారు. భుజం మీది తువ్వాలు తీసి ఎదురుగా గడ్డి మీద పరిచారు.

బంతిని చేత్తో విసరమన్నారు. కుందన కొద్ది దూరం నుంచి విసిరింది. ఆయన ఎడం చేత్తో పట్టుకున్నారు. ఇంకాస్త వెనక్కి వెళ్లి విసరమన్నారు. అదీ అరచేతిలోకే వచ్చింది. ఇంకా వెనక్కి పంపారు. ఈసారి బంతి వేళ్ల సందుల్లోంచి జారిపోతే ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఆ మైదానంలో నవ్వి చాలా రోజులైంది.

"చెయ్యి ఎంత వెనక్కి తీసుకెళ్లావమ్మా?"

"చూసుకోలేదు మాస్టారూ. మీ చెయ్యే చూశాను."

ఆయన తలాడించి తువ్వాలు వైపు చూపించారు. "ఇప్పుడు వెడ్జ్‌తో."

కుందన ఆయన్ని పక్కకు జరగమని బతిమాలింది. ఆయన జరగలేదు. ఇందాకటిలాగే ఎడం అరచెయ్యి చాపి, మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు.

ఆమె తువ్వాలు చూసింది, ఆ అరచెయ్యి చూసింది. ఇక కర్ర గురించి తలపోయలేదు. కొట్టింది.

బంతి నింపాదిగా లేచి, తువ్వాలు అంచు మీద వాలి, ఒక్క గెంతు గెంతి ఆయన బూటు పక్కన ఆగింది.

కుందన పరుగున వచ్చి కుర్చీ పక్కన గడ్డిలో కూలబడింది. ఆయన వంగి బంతి తీసి, అంటుకున్న మట్టి తుడిచి, ఆమె చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ నాకు తగలకూడదని కొట్టావు తల్లీ. ఇవాళ నాకు అందాలని కొట్టావు."

కుందన ఆ బంతిని కళ్లకద్దుకుంది. వెడ్జ్ తీసుకుని మళ్లీ వెనక్కి నడిచింది.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.